లీడ్ సింగర్ కానివారు పాడే పాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాండు అనగానే మైకు ముందు నిలబడి పాడే ఒక మనిషి, ఆయన వెనుక తలవంచుకుని వాయించే ముగ్గురో నలుగురో మన కళ్ల ముందు కదులుతారు. ఆ వెనుకవారిలో ఒకరు ఎప్పుడైనా ఒక పాటను మొదటి నుంచి చివరి దాకా తన గొంతుతో నడిపితే వినేవారికే కాక తోటి వాయిద్యకారులకు కూడా సందేహాలు కలుగుతాయి. చాలాకాలం బేస్ గిటార్ వాయిస్తూ, కచేరీకి ఒకటి రెండు పాటలు పాడిన అనుభవంతోనూ, రికార్డులు విని తెలుసుకున్నదానితోనూ ఈ జవాబులు రాస్తున్నాను.

లీడ్ వోకల్ అని దేన్ని అంటారు? కోరస్‌లో గొంతు కలపడం దాని కిందికి రాదా?

రాదు. పాటలోని మాటలనూ ప్రధానమైన బాణీనీ మోసే గొంతును లీడ్ వోకల్ అంటారు. దాని పైనో కిందో మరో స్వరం పట్టి తోడుగా పాడేది హార్మొనీ. పల్లవి దగ్గర అందరూ కలిసి అందుకునేది కోరస్. అయితే ఒకే పాటను ఇద్దరు పంచుకోవడం కూడా ఉంది కనుక ఈ హద్దు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో వెలువరించిన 'టైమ్' పాటలో చరణాలను గిటారిస్టు డేవిడ్ గిల్మర్ పాడితే, వాటి నడుమ వచ్చే మెత్తని భాగాలను కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ పాడారు. ద హూ బృందం 1971 నాటి 'బాబా ఓ రైలీ'లో రోజర్ డాల్ట్రీ గొంతు ఉరుముతూ సాగుతుండగా, మధ్యలో కొద్ది పంక్తుల కోసం గిటారిస్టు పీట్ టౌన్షెండ్ సన్నని గొంతు వినిపిస్తుంది. ఉన్నది కాసేపే అయినా ఆ కాసేపూ లీడ్ ఆయనదే.

మంచి గాయకుడు ఉండగా మరొకరు ఎందుకు పాడాలి?

కారణాలు చాలా ఉన్నాయి గానీ వాటన్నిటికీ ఒకే బరువు లేదు. తరచుగా కనిపించేది, పాట రాసినవారే పాడుకోవడం. జార్జ్ హారిసన్ బీటిల్స్ కోసం రాసిన పాటలు, 1969 నాటి 'సమ్‌థింగ్', 'హియర్ కమ్స్ ద సన్' సహా, ఆయన గొంతులోనే వచ్చాయి. రాసినవారికి పాట లోపలి ఊపిరి తెలుస్తుందన్నది దీని వెనుక ఉన్న నమ్మకం. అది చాలాసార్లు నిజమే అయినా ప్రతిసారీ నిజం కాదు. తాను రాసిన పాట తన గొంతుకు నప్పదని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే.

రెండో కారణం నా దృష్టిలో అన్నిటికంటే గట్టిది. కొన్ని పాటలు నేర్పరి గొంతును భరించలేవు. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ 1969లో తెచ్చిన మూడో ఆల్బమ్ చివర 'ఆఫ్టర్ అవర్స్' అనే చిన్న పాట ఉంది. రాసింది బృందంలోని ప్రధాన గాయకుడు లూ రీడ్. పాడింది మాత్రం డ్రమ్మర్ మోరీన్ టక్కర్. ఆ పాటకు కావలసిన అమాయకత్వం తన గొంతులో లేదని గుర్తించి రీడ్ దాన్ని ఆమెకు అప్పగించారు. ఆమె పాడిన తీరులో శిక్షణ కనపడదు, స్వరం అక్కడక్కడ వణుకుతుంది, ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. రాత్రి గడిచిపోకూడదని కోరుకునే ఆ పాటకు అంతకంటే సరైన గొంతు దొరకదు. అదే ఆల్బమ్ మొదటి పాట 'క్యాండీ సేస్'ను కూడా రీడ్ తాను పాడకుండా, బృందంలోకి కొత్తగా వచ్చిన బేస్ వాద్యకారుడు డగ్ యూల్‌కు ఇచ్చారు. ఆల్బమ్ తలుపు తీసేదీ మూసేదీ కూడా ప్రధాన గాయకుడు కాకపోవడం నాకు ఎప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

ఇక మిగిలినవి అవసరాలు. రెండు గంటల కచేరీలో ప్రధాన గాయకుడి గొంతుకు విశ్రాంతి కావాలి. రోలింగ్ స్టోన్స్ కచేరీల్లో చాలా ఏళ్లుగా నడుమ రెండు పాటలు గిటారిస్టు కీత్ రిచర్డ్స్‌వి. ఆ సమయంలో మిక్ జాగర్ వేదిక దిగి సేద తీరుతారు. ఒక్కోసారి అవసరం చెప్పకుండా వచ్చి పడుతుంది. 1996 ఆగస్టులో లండన్‌లోని రాయల్ ఫెస్టివల్ హాల్లో టీవీ కోసం ఒయాసిస్ కచేరీ ఏర్పాటైనప్పుడు గొంతు బాగాలేదని లియామ్ గాలగర్ తప్పుకోగా, అన్న నోయెల్ గాలగర్ మొత్తం పాటలన్నీ తానే పాడారు. లియామ్ ప్రేక్షకుల మధ్య బాల్కనీలో కూర్చుని చూశారు. ఒక సభ్యుడికైనా అన్ని పాటల మాటలూ కంఠతా వచ్చి ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అసలు ప్రధాన గాయకుడంటూ లేని బ్యాండ్లు ఉన్నాయా?

ఉన్నాయి. 'ద బ్యాండ్' అనే పేరుతోనే ప్రసిద్ధమైన బృందంలో డ్రమ్మర్ లెవాన్ హెల్మ్, బేసిస్టు రిక్ డాంకో, పియానో వాయించే రిచర్డ్ మాన్యుయెల్ ముగ్గురూ పాడేవారు. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 1977 నాటి 'రూమర్స్' ఆల్బమ్‌లో స్టీవీ నిక్స్, క్రిస్టీన్ మెక్‌వీ, లిండ్సీ బకింగ్‌హామ్ గొంతులు వంతులు వేసుకున్నట్టు వస్తాయి. ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్‌లో 2009లో మరణించిన అషీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూనే పాడేవారు. బేస్ వాయించే రాహుల్ రామ్, డ్రమ్స్ వాయించే అమిత్ కిలమ్ కూడా పాడతారు. ఇలాంటి బృందాల్లో ఈ పాట ఎవరిది అన్న ప్రశ్న ప్రతి పాటకూ కొత్తగా పుడుతుంది.

గొంతు అంత గొప్పగా లేని సభ్యుడు పాడవచ్చా?

పాడవచ్చు. కాకపోతే పాటను ఆయన గొంతు కొలతకు కుట్టాలి. దీనికి బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1967లో తోటి సభ్యులు లెనన్, మెకార్ట్నీ కలిసి ఆయన కోసం 'విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్' రాసినప్పుడు చరణాల బాణీని ఐదు స్వరాల మధ్యనే తిప్పారు. పైకి ఎగబాకే పని లేదు, కిందికి దిగే పని లేదు. మామూలుగా మాట్లాడే స్థాయికి దగ్గరగానే బాణీ నడుస్తుంది. మిగతా ఇద్దరూ ప్రశ్నలు అడుగుతూ పాడితే రింగో జవాబులు చెప్పే ఏర్పాటు చేశారు కనుక ఆయన ఒంటరిగా నిలబడినట్టు కూడా అనిపించదు. చివరి స్వరం ఒక్కటే ఎత్తైనది. దాన్ని పట్టలేనని ఆయన వెనకాడితే మిగతావారు పక్కనే ఉండి ధైర్యం చెప్పి పాడించారు. తాను అపశ్రుతి పలికితే టమాటాలు విసురుతారా అన్న అర్థంలో మొదట రాసిన పంక్తిని మాత్రం రింగో ఒప్పుకోలేదు. అభిమానులు అప్పటికే వేదిక మీదికి మిఠాయిలు విసిరేవారు. ఆ పంక్తి విన్నాక నిజంగానే టమాటాలు పడతాయని ఆయన భయం. పంక్తి మార్చారు.

ఈ ఉదంతంలో పనికొచ్చే విషయాలు చాలా ఉన్నాయి. బాణీ వ్యాప్తి తక్కువగా ఉండాలి, పంక్తులు పొట్టిగా ఉండి ఊపిరికి చోటివ్వాలి, తోడు గొంతులు దగ్గరగా ఉండాలి, పాడేవారికి నచ్చని మాటను మార్చే హక్కు వారికే ఉండాలి. శ్రుతి నిలవని గొంతుకు మాత్రం ఇవేవీ మందు కాదు. తక్కువ వ్యాప్తి ఉన్న గొంతు వేరు, శ్రుతి తప్పే గొంతు వేరు. రెంటినీ ఒకటిగా చూసి ఎవరినైనా నిరుత్సాహపరచడం నాకు నచ్చదు.

పాట శ్రుతి మార్చాలా?

చాలాసార్లు మార్చక తప్పదు. బ్యాండ్లు ఎక్కువగా తప్పు చేసేది కూడా ఇక్కడే. గిటారిస్టుకు చేతి అలవాటు ఉన్న శ్రుతిలోనే కొత్త గాయకుణ్ణి పాడమంటారు, ఆయన పల్లవి దగ్గర అరుస్తాడు, చరణం దగ్గర గొణుగుతాడు, చివరకు నెపం ఆయన గొంతు మీద పడుతుంది.

చూడవలసిన పద్ధతి వేరు. ముందుగా పాటలో అన్నిటికంటే కింది స్వరమూ పై స్వరమూ గుర్తించాలి. ఆ తర్వాత బాణీ ఎక్కువసేపు ఎక్కడ తిరుగుతుందో చూడాలి, ఎందుకంటే ఒకసారి తాకి వచ్చే పై స్వరం కంటే, పాట పొడవునా తిరుగుతూ ఉండవలసిన మధ్య ప్రాంతమే గొంతును అలసిపోయేలా చేస్తుంది. పాడేవారు వాద్యం పట్టుకోకుండా, తంబురా శ్రుతి పెట్టిన ఫోను ఒక్కటి ముందు ఉంచుకుని, అర శ్రుతి చొప్పున పైకీ కిందికీ జరుపుతూ పల్లవిని నాలుగైదు చోట్ల పాడి చూడాలి. ఎక్కడ మాటలు అర్థమవుతున్నాయో అదే వారి శ్రుతి. మగ గొంతు పాటను ఆడ గొంతుకు మార్చేటప్పుడు అర శ్రుతీ ఒక శ్రుతీ సరిపోవు. నాలుగు ఐదు స్వరాల దూరం జరపవలసి రావడం మామూలే.

శ్రుతి మారితే వాద్యాలు నష్టపోతాయన్నది నిజమే. పైకి జరపడం గిటార్‌కు సులువు. మెడ మీద తీగలన్నిటినీ కలిపి నొక్కే కాపో అనే పట్టీని బిగిస్తే అవే కార్డులు వస్తాయి. కిందికి జరిపితే వేలు నొక్కకుండా తెరిచి మోగించే తీగల మోత పోతుంది. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది స్వరం ఇ (E) కనుక, ఆ శ్రుతిలో ఉన్న పాటను డి (D) లోకి దించితే మూల స్వరం కోసం తీగను సడలించాలి, లేదంటే పై స్థాయికి పోవాలి. ఆ నష్టాన్ని మేం వాద్యకారులమే భరించాలని నా అభిప్రాయం. వినేవాడు బేస్ ఏ తీగ మీద మోగిందో గమనించడు, గొంతు ఇబ్బంది పడితే మాత్రం వెంటనే గమనిస్తాడు.

డ్రమ్స్ వాయిస్తూ పాడడం సాధ్యమేనా?

సాధ్యమే. లెవాన్ హెల్మ్, ఈగిల్స్‌కు చెందిన డాన్ హెన్లీ దాన్నే జీవనంగా చేసుకున్నారు. ఫూ ఫైటర్స్ డ్రమ్మర్ టేలర్ హాకిన్స్ 2005 నాటి ఆల్బమ్‌లో 'కోల్డ్ డే ఇన్ ద సన్' పాడారు. ఇతర పాటలకు ఆయన ముందుకు వచ్చి పాడుతుంటే, ప్రధాన గాయకుడు డేవ్ గ్రోల్ వెళ్లి డ్రమ్స్ దగ్గర కూర్చునేవారు. గ్రోల్ కూడా ఒకప్పుడు డ్రమ్మరే. నిర్వాణలో ఉండగా 1993లో 'మారిగోల్డ్' అనే పాటలో లీడ్ ఆయనదే.

సాధ్యమైనా అది సులువు మాత్రం కాదు. మా డ్రమ్మర్ మొదటిసారి ఒక పాట పాడినప్పుడు మేం రిహార్సల్‌ను ఫోనులో రికార్డు చేసుకుని విన్నాం. వాయిస్తున్నప్పుడు బాగానే ఉందనుకున్నాం. వింటే రెండు లోపాలు ప్రతి చరణంలోనూ ఒకేచోట దొరికాయి. పంక్తి చివర స్వరాన్ని సాగదీసిన ప్రతిసారీ లయ కొద్దిగా నిదానించింది, ఊపిరి అయిపోతున్న కొద్దీ చేయి కూడా దానితోపాటే నెమ్మదించింది. రెండోది, పంక్తికీ పంక్తికీ మధ్య ఖాళీని నింపడానికి అలవాటుగా వేసే చిన్న డ్రమ్ ముక్క, అంటే ఫిల్, సరిగ్గా ఆయన గాలి పీల్చుకోవలసిన చోట పడింది. దాంతో తర్వాతి పంక్తి మొదటి అక్షరం మింగేసినట్టు వచ్చింది. మేం చేసింది చాలా చిన్న పని. ఆ ఫిల్‌లను తీసివేసి, అక్కడ గిటార్ నాలుగు స్వరాలు పలికేలా మార్చాం. పంక్తి మొదట్లో క్రాష్ సింబల్ (పెద్దగా మోగే లోహపు పళ్లెం) కొట్టడం మానిపించాం, ఎందుకంటే చేయి చాచినప్పుడల్లా నోరు మైకుకు దూరమయ్యేది. సాగదీసే స్వరాన్ని ఒక అక్షర కాలం ముందే వదిలేయమన్నాం. వారం తర్వాత లయ నిలబడింది.

గిటార్, బేస్, కీబోర్డు వాయించేవారికి ఈ కష్టం ఉండదా?

గిటార్, కీబోర్డు వారికి తక్కువ. కార్డులు పాటతో కలిసే నడుస్తాయి కనుక చేయీ నోరూ ఒకే దారిలో పోతాయి. బేస్ దారి వేరు. బేస్ తాళానికి కట్టుబడి ఉంటుంది, పాట తాళం మీద ఊగుతూ ముందు వెనుకలుగా పోతుంది; ఆ రెంటినీ ఒకే మనిషి చేయడం అంటే ఒక చేత్తో వృత్తమూ మరో చేత్తో చతురస్రమూ గీయడం వంటిది. నాకు పనిచేసిన సాధన ఇది: ముందు వాద్య భాగాన్ని ఎవరితోనైనా మాట్లాడుతూ కూడా తప్పకుండా వాయించగలిగే దాకా నానబెట్టాలి, ఆ తర్వాత మాటలను రాగం లేకుండా లయలో పలకాలి, చివరగా రాగం కలపాలి. ఎక్కడ తడబడితే అక్కడ వేగాన్ని సగానికి తగ్గించి, ఏ అక్షరం ఏ మీటు మీద పడుతుందో చూసుకోవాలి.

అప్పటికీ కుదరకపోతే వాద్య భాగాన్ని పలుచన చేయడంలో చిన్నతనం ఏమీ లేదు. ఆ అవసరంలో నుంచే ఒక శైలి పుట్టిన సందర్భం కూడా ఉంది. న్యూ ఆర్డర్‌లో బెర్నార్డ్ సమ్నర్‌కు గిటార్ వాయిస్తూ పాడడం మొదట్లో కుదరక, పాడి ఆపి వాయించడం, వాయించి ఆపి పాడడం మొదలుపెట్టారు. గొంతుకూ గిటార్‌కూ మధ్య ఏర్పడిన ఆ ఖాళీ ఆ బృందం ధ్వనికే ఒక గుర్తుగా మిగిలింది.

మైకుల ఏర్పాటు ఎలా ఉండాలి?

కోరస్ కోసం పెట్టిన మైకుతో లీడ్ పాడించకూడదు. కోరస్ మైకును సౌండ్ ఇంజనీరు తక్కువ స్థాయిలో, లోతైన కింది ధ్వనులు తగ్గించి ఉంచుతాడు; ఆ మైకులో లీడ్ పాడితే గొంతు టెలిఫోనులో నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఏ పాట ఎవరు పాడుతున్నారో సెట్‌లిస్టు (ఆనాటి పాటల వరుస) మీద రాసి ఇంజనీరుకు ముందే ఇవ్వాలి. ఇది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, మొదటి చరణం సగం వినపడకుండా పోయే కచేరీలన్నిటికీ ఇదే మూలం.

నోటికీ మైకుకూ దూరం సగానికి తగ్గితే ధ్వని దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. కాబట్టి ప్రధాన గాయకుడిలా మైకును చేతపట్టుకుని సర్దుకోలేని వాద్యకారుడు తల కదిలించకుండా పాడే చోటు వెతుక్కోవాలి. స్టాండును తన వైపుకు తెచ్చుకోవాలే తప్ప, మెడ సాచి స్టాండు దగ్గరికి పోకూడదు. డ్రమ్మర్‌కు పక్క నుంచి వంగి వచ్చే బూమ్ స్టాండు కావాలి, మైకు వెనుక భాగం సింబల్స్ వైపు ఉండాలి, పాడని పాటల్లో ఆ మైకును మూసి ఉంచాలి. తెరిచి ఉంటే సింబల్స్ చప్పుడు మొత్తం అందులో దూరిపోతుంది. తలకు తగిలించుకునే మైకు దూరం సమస్యను తీరుస్తుంది, కాకపోతే ఊపిరి చప్పుడు ఎక్కువగా పట్టేస్తుంది. వేదిక మీదివారు తమను తాము వినే స్పీకరైన మానిటర్‌లో ఆ పాటకు పాడేవారి గొంతు పెరగాలని విడిగా చెప్పాలి.

ఆ సమయంలో ప్రధాన గాయకుడు ఏం చేయాలి?

హార్మొనీ పాడవచ్చు, టాంబురిన్ పట్టవచ్చు, లేదా వేదిక దిగవచ్చు. మధ్యలో చేతులు కట్టుకుని నిలబడడం మాత్రం వద్దు. ప్రేక్షకుల చూపు అలవాటు కొద్దీ అటే పోతుంది.

దీని వల్ల గొడవలు రావా?

వస్తాయి, రెండు వైపుల నుంచీ వస్తాయి. పాడనివ్వలేదని ఒక గొడవ, పాడమని బలవంతం చేశారని మరొకటి. ఈగిల్స్ చరిత్రలో ఈ రెండూ ఉన్నాయి. 1976లో 'విక్టిమ్ ఆఫ్ లవ్' పాటను తానే పాడాలని గిటారిస్టు డాన్ ఫెల్డర్ ఆశించారు. ఆయన పాడిన తీరు మిగతావారికి తృప్తి కలిగించలేదు. ఆయన లేని సమయంలో డాన్ హెన్లీ గొంతుతో రికార్డు చేశారు. నిర్ణయం సరైనదే కావచ్చు. ముఖం మీద చెప్పకుండా చేయడమే ఆ బృందంలో దశాబ్దాల పాటు మానని గాయమైంది. ఇక బేసిస్టు రాండీ మైస్నర్‌ది దీనికి తలకిందులు కథ. 'టేక్ ఇట్ టు ద లిమిట్' చివర వచ్చే తారస్థాయి స్వరాలను ప్రతి రాత్రీ అందుకోవలసి రావడం ఆయనకు భారమై, 1977లో ఒక కచేరీ దగ్గర పాడనన్నందుకు తోటి సభ్యుడు గ్లెన్ ఫ్రైతో ఘర్షణ జరిగి, ఆ ఏడాదే బృందాన్ని విడిచిపెట్టారు. రికార్డింగులో ఒకసారి అందిన స్వరం పర్యటనలో రోజూ అందుతుందని లెక్క కట్టకూడదు.

డబ్బు విషయం వేరు. పాడినందువల్ల పాట రాసినవారి వాటా రాదు, ఆ వాటా రాసినవారిదే. క్వీన్ డ్రమ్మర్ రోజర్ టేలర్ తాను రాసి పాడిన 'ఐయామ్ ఇన్ లవ్ విత్ మై కార్' 1975లో 'బొహీమియన్ రాప్సొడీ' రికార్డుకు రెండో వైపున వచ్చింది. రికార్డు అమ్మినప్పుడల్లా రెండు వైపుల రచయితలకూ సమానంగా రాయల్టీ ముట్టేది కనుక, జనం కొన్నది మొదటి వైపు కోసమే అయినా టేలర్‌కూ అంతే ఆదాయం వచ్చింది. దీని మీద బృందంలో చాలాకాలం రుసరుసలు నడిచాయి.

ప్రధాన గాయకుడు వెళ్లిపోతే లోపలివారే ఆ స్థానం తీసుకోవచ్చా?

1975లో పీటర్ గేబ్రియల్ జెనిసిస్‌ను విడిచిపెట్టాక బృందం బయట చాలామంది గాయకులను పరీక్షించి, ఎవరూ కుదరక, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్‌నే ముందుకు తెచ్చింది. అది చీకట్లో వేసిన అడుగేమీ కాదు. 1971లో ఒక పాటకు, 1973లో మరో పాటకు ఆయన అప్పటికే లీడ్ పాడి ఉన్నారు. కచేరీల్లో ఆయన ముందుకు వచ్చినప్పుడు డ్రమ్స్ కోసం 1976లో బిల్ బ్రూఫోర్డ్‌ను, తర్వాతి ఏడాది నుంచి చెస్టర్ థాంప్సన్‌ను పిలిచారు. వాద్య భాగాలు రాగానే కాలిన్స్ వెనక్కి వెళ్లి రెండో డ్రమ్ సెట్ అందుకునేవారు. 1980లో గాయకుడు ఇయాన్ కర్టిస్ మరణించాక జాయ్ డివిజన్‌లో మిగిలిన ముగ్గురూ న్యూ ఆర్డర్‌గా మారి, వంతులవారీగా పాడి చూసి, కొంతకాలానికి సమ్నర్ దగ్గర స్థిరపడ్డారు. అప్పుడప్పుడు ఒక పాట ఇతరులకు ఇస్తూ ఉన్న బృందానికి ఇలాంటి రోజు వచ్చినప్పుడు ఎవరి గొంతు ఎంతవరకు ఆగుతుందో ముందే తెలిసి ఉంటుంది.

కచేరీలో ఈ పాటను ఎక్కడ పెట్టాలి?

మొదటి మూడు పాటల్లో వద్దు, చివరి పాటగానూ వద్దు. నడుమ పెట్టాలి. దానికి ముందు పాట ఆ వాద్యకారుడికి శ్రమ తక్కువగా ఉన్నదై ఉండాలి. వేగమైన పాట వాయించి రొప్పుతూ ఉన్న డ్రమ్మర్‌ను వెంటనే నిదానమైన పాట ఎత్తుకోమనడం అన్యాయం.

పాడేవారి పేరు ప్రకటించాలా?

ప్రకటించాలి, అదీ పాట తర్వాత. ముందే చెబితే వినేవారు పోలికకు సిద్ధమై కూర్చుంటారు. నాకైతే ఇంకో ఇబ్బంది కూడా ఉండేది: పేరు పిలవగానే చప్పట్లు పడేవి, ఆ చప్పట్లలో పాట ఎత్తుకోవడానికి లెక్కించే కౌంట్ వినపడేది కాదు.